వంటింట్లో తీయని ఫోటో: కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి జొన్నాడ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,



నూట ఇరవై ఏళ్ల కిందట గోదావరి జిల్లా అధికారులకు ఒక చిత్రమైన పని తగిలిందని కోనసీమలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా దారినపోయే వాళ్లందరికీ అన్నం పెడుతున్న డొక్కా సీతమ్మ గారి ఫోటో తీయించి పంపాలి, అదీ పని. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు రమ్మని పిలుపు వస్తే ఆవిడ రానన్నారు. పోనీ ఫోటో అయినా పంపమన్నారు. పేరు కోసం పెడుతున్న అన్నం కాదని ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. ఫోటో లేకుండా వెనక్కి వెళితే తన ఉద్యోగం ఉండదని వచ్చిన అధికారి బతిమాలాకే, ఆయన మీద జాలితో కెమెరా ముందుకు వచ్చారట. ఆ ఫోటోని ఉత్సవంలో ఒక కుర్చీలో ఉంచి గౌరవించారని కథనం.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు, 1909లో కన్నుమూశారు. జొన్నాడ నుంచి ఆలమూరు మీదుగా పోతే వచ్చేది ఆ మండపేటే. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరుంది. 2024 నుంచి రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఇంత పేరున్న మనిషి వంటిల్లు ఎలా ఉండేదో, ఎన్ని పొయ్యిలు వెలిగేవో, అర్ధరాత్రి వచ్చినవాళ్లకు మళ్లీ ఎసరు పెట్టేది ఎవరో, ఎంగిలాకులు ఎత్తేది ఎవరో మాత్రం మనం ఊహించుకోవలసిందే. మనిషి ఫోటో మిగిలింది. పని ఫోటో మిగల్లేదు.

ఈ లేఖ ఆ రెండో ఫోటో గురించి.

రాజమండ్రి వైపు నుంచి జాతీయ రహదారి మీద వచ్చేవారు గౌతమి దాటేది జొన్నాడ దగ్గరే. వంతెనకు అవతల రావులపాలెం, అరటి మార్కెట్టు, అక్కడి నుంచి జనం నోట ఉన్న కోనసీమ. ఇవతల జొన్నాడ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆలమూరు మండలంతోపాటు ఈ ఊరూ కోనసీమ జిల్లాలోకి వచ్చింది గానీ, ధవళేశ్వరం కాలువల లెక్కలో ఇది తూర్పు డెల్టా. ఒకవైపు ఏరు, ఇంకోవైపు హైవే, చుట్టూ వరి, అరటి, కొబ్బరి, కడియపులంక దాకా బారులు తీరిన నర్సరీలు. గోదావరి జిల్లాల్లో మనుషులు చేసే పనుల్లో చాలావరకు ఈ ఊరి పరిసరాల్లోనే కనబడతాయి. అందుకే తమరిని మొదలుపెట్టమని కోరుతున్న చోటు ఇది.

ఈ ప్రాంతంలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా పట్టుచీరల అడుగున ఒక ఆల్బం ఉంటుంది. అందులో ఏముంటాయో తెరవకుండానే చెప్పవచ్చు. పెళ్లి, ఓణీల ఫంక్షను, బారసాల. గుండ్లు చేయించుకున్నాక తిరుపతిలో స్టూడియో తెర ముందు వరసగా నిలబడ్డ కుటుంబం. అంతర్వేది తీర్థం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తండ్రి భుజాల మీద పిల్లాడు. పాపికొండల లాంచీలో కమ్మీ పట్టుకుని నవ్వుతున్న బంధువర్గం. విశాఖ బీచిలో ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచిన బాబాయిలు, అలకు భయపడి వాళ్ల చేతులు పట్టుకున్న పిన్నులు. అందరూ నిటారుగా నిలబడి ఉంటారు. అందరి చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఆడవాళ్ల చేతులు ఖాళీగా కనిపించేది ఆ ఫోటోల్లోనే. తిరుపతి రైలెక్కే ముందు రాత్రంతా పులిహోర కలిపిన చేతులవి. ఇంటికి రాగానే అన్ని రోజుల మాసిన బట్టలు సర్ఫు నీళ్లలో నానబెట్టిన చేతులవి. విహారయాత్ర ఫోటోల్లో విహారం ఉంటుంది, దాన్ని సాధ్యం చేసిన పని ఉండదు.

ఇది ప్రేమ లేక జరిగింది కాదు. ఫిలిం ఖరీదు అలాంటిది. ఒకప్పుడు మన ఊళ్లలో బాగా తిరిగిన అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలు వేస్తే పన్నెండు ఫోటోలు వచ్చేవి. తర్వాతి కెమెరాల్లో ముప్పై ఆరు. ఊటీలో ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ ‘ఇందు’ పేరుతో దేశంలోనే ఫిలిం తయారుచేసినా, రీలు కొనడం, కడిగించడం, కాపీలు వేయించడం అన్నీ కలిపితే మామూలు ఇంటికి అదొక ఖర్చే. సంక్రాంతికి వేసిన రీలు పూర్తయ్యే సరికి వేసవి పెళ్లిళ్లు వచ్చేవి. అలాంటి చోట పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ మీద ఒక ఫోటో ఖర్చుపెడతానంటే ఏ ఇంటి పెద్ద ఊరుకుంటాడు? అంతకు చాలా ముందు, 1892లో, హైదరాబాదులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. ఫోటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. గొప్ప ముందడుగే. కానీ అదీ కలిగిన ఇళ్ల ఆడవాళ్లు ముస్తాబై వచ్చి కూర్చునే చోటే.

ఇప్పుడు ఆ లెక్క లేదు. జేబులో ఫోను ఉంది, ఫోటోకి పైసా ఖర్చు లేదు, ఒక్కో ఫోనులో వేల ఫోటోలు. అయినా కొడుకు ఫోను ఎత్తి పట్టుకుంటే తల్లి అనే మాట మారలేదు. “ఇప్పుడా? నైటీలో ఉన్నాన్రా, ఉండు, చీర మార్చుకుని వస్తాను.” ఆవిడ చీర మార్చుకుని జుట్టు దువ్వుకుని వచ్చేసరికి పొయ్యి మీది పని పొయ్యి మీదే ఆగిపోయి ఉంటుంది. ఫోటోలో మళ్లీ ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషి పడుతుంది. డబ్బు అడ్డు తొలగింది గానీ, ఇంటిపని చూపించదగ్గది కాదన్న సిగ్గు తొలగలేదు.

ఆ పని ఎంతో జాతీయ గణాంక కార్యాలయం కొలిచి చెప్పింది. 2024లో దేశమంతా జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఆరేళ్లు దాటిన వారిలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నారు. అదే పని చేసే మగవాళ్లు ఉంటున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి. 2019లో అసలు రోజులో ఏదో ఒక ఇంటిపని ముట్టుకున్నవారు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. ఆడవాళ్లకు రోజూ దాదాపు అయిదు గంటల పని! ఆఫీసులో అయిదు గంటలు పనిచేసినవాళ్లకు హాజరు పట్టీ ఉంటుంది, వీడ్కోలు సభ ఉంటుంది, దండ వేసి తీసిన గ్రూపు ఫోటో ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు.

ఇంటిపనికి కెమెరా ఎప్పుడు వస్తుందో ఆత్రేయపురం చూస్తే తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ, దాన్ని కుండ మీద ఒక్కసారి లాగితే తేలే పలచని రేకు. అక్కడి ఆడవాళ్ల పనితనం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, వీడియోలు తీస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రావలసిందే, సంతోషం. అయితే అదే ఆడమనిషి ఇంటికి వెళ్లి తన పిల్లలకు అన్నం వార్చేటప్పుడు ఆ కెమెరా వెంట వెళ్లదు. అమ్మకానికి వచ్చిన పని కనబడుతుంది, ఇంటికోసం చేసిన పని కనబడదు. నర్సరీల్లోనూ ఇంతే. జనవరిలో పూలు విరగబూసినప్పుడు కడియపులంక దారిలో కార్లు ఆగుతాయి, బంతుల మధ్యా చామంతుల మధ్యా కుటుంబాలు ఫోటోలు దిగుతాయి. ఆ మొక్కల కవర్లలో మట్టి నింపి, వంగి నీళ్లు పోసి, కలుపు తీసిన ఆడకూలీలు ఆ ఫోటోల అంచుకైనా రారు. వాళ్లు పొద్దున్నే ఇంట్లో వంట ముగించుకుని, క్యారేజీ కట్టుకుని వచ్చినవాళ్లు, సాయంత్రం వెళ్లి మళ్లీ పొయ్యి వెలిగించేవాళ్లు.

కువైట్, మస్కట్, దుబాయి ఇళ్లకు వెళ్లినవారి సంగతి తమరికి వేరే చెప్పక్కరలేదు. కోనసీమ నుంచి తరాలుగా ఆడవాళ్లు గల్ఫ్‌కి ఇంటిపనికి వెళుతున్నారు. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లడానికి స్త్రీకి ముప్పై ఏళ్లు నిండి ఉండాలన్నది మన ప్రభుత్వ నియమం. అంటే వెళుతున్నది చాలామటుకు పిల్లల తల్లులే. జొన్నాడలో జీతం లేని పనికి అక్కడ జీతం వస్తుంది. కువైట్ 2015లో చేసిన చట్టంలో ఇంటి పనివారికి రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని రాసి ఉంది. అక్కడి నుంచి ఇంటికి వచ్చే ఫోటోల్లో ఆ పన్నెండు గంటలు కనబడవు. శుక్రవారం చర్చి దగ్గర, పార్కులో, షాపింగ్ మాల్ మెట్ల మీద తీసుకున్నవే వస్తాయి, ఇంట్లోవాళ్లు బెంగపడకూడదని. ఇక్కడి నుంచి వెళ్లే ఫోటోలూ పుట్టినరోజు కేకు దగ్గరివే. రెండువైపులా ఒకరి కష్టం ఒకరికి కనబడకుండా ఇన్నేళ్లు ఫోటోలు పంపుకున్న కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక, తమ చదువు ఏ పనితో జరిగిందో చూసుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

పని మారిపోతోంది కూడా. పొగ గొట్టంతో ఊది వెలిగించిన కట్టెల పొయ్యి, ఆవపిడకల దాలి మీద రోజంతా మరిగిన పాలు, రుబ్బురోలు, తిరగలి, కొబ్బరాకు ఈనెలు చీరి కట్టుకున్న చీపురు, రేవులో బట్టలుతికిన బండ. 1999లో వచ్చిన దీపం పథకంతో ఎందరో ఆడవాళ్లు మొదటిసారి గ్యాసు పొయ్యి వెలిగించారు. 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. వంటింటి చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. ప్రారంభోత్సవాల ఫోటోలు పత్రికల దగ్గర భద్రంగా ఉంటాయి. కొత్త పొయ్యి ఇంటికి వచ్చిన రోజు పాత పొయ్యి పక్కన నిలబడ్డ గృహిణి ఫోటో ఎన్ని ఇళ్లలో ఉంటుంది?

ఉన్న ఫోటోలైనా నిలుస్తాయా అంటే, అదీ నమ్మకం లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరినీ కప్పులనీ ఒక్క రాత్రిలో లేపేసింది. 2022 జూలైలో మళ్లీ పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని ముంచింది. పడవ ఎక్కేటప్పుడు జనం పట్టాదారు పాసుపుస్తకాలు, రేషన్ కార్డులు, ఆధార్, బంగారం మూట కట్టుకుంటారు. ఆల్బం బీరువా అడుగు అరలో ఉండిపోతుంది. నీళ్లు ముందు చేరేది ఆ అరకే. వరద రాని ఇళ్లలో చెమ్మ, బూజు, జిగురు పేజీల ప్లాస్టిక్ ఆల్బాలు అదే పని నెమ్మదిగా చేస్తాయి. ఎనభైల నాటి రంగుల ఫోటోలు ఇప్పటికే ఎర్రబారిపోయాయి.

జపాన్‌లో 2011 మార్చి సునామీ తర్వాత జరిగినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. శిథిలాలు ఎత్తుతున్న సైనికులు, వాలంటీర్లు బురదలో దొరికిన ఫోటోలు పారేయకుండా పోగుచేశారు. ఒక్క యమమోటో అనే చిన్న పట్టణంలోనే సుమారు ఏడున్నర లక్షల ఫోటోలు దొరికాయి. వాటిని మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, కెమెరాతో కాపీ తీసి, సొంతదారులకు తిరిగి అప్పగించే పనిలో విద్యార్థులు, పరిశోధకులు కూర్చున్నారు. ఇల్లు పోయినవాళ్లు ముందు వెతుక్కున్నవాటిలో ఫోటోలు ఉన్నాయి. మన దగ్గర నష్టపరిహారం జాబితాలో ఇల్లు ఉంది, గేదె ఉంది, పంట ఉంది, పాత్రలు, బట్టలు ఉన్నాయి. ఫోటో లేదు. దానికి వెల కట్టమని ఎవరూ అడగరు, కట్టలేరు కూడా. పోకుండా చూడటం ఒక్కటే చేయగలిగింది.

అది తమరి చేతిలో ఉన్న పని, కలెక్టర్ గారూ. కొత్త శాఖ అక్కరలేదు, పెద్ద నిధులు అక్కరలేదు. 2019 అక్టోబరు 2న మన పాత తూర్పు గోదావరి జిల్లా కరపలోనే గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైంది. కంప్యూటరు, కాగితాలు స్కాన్ చేసే సదుపాయం, డిజిటల్ అసిస్టెంటు ఊరి మధ్యనే ఉన్నారు. సంక్రాంతి పండగకు ముందువెనక ఒక వారం, హైదరాబాదు నుంచీ గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ అందరూ ఇళ్లకు వచ్చే సమయంలో, జొన్నాడ సచివాలయంలో పాత ఫోటోలు స్కాన్ చేసే ఏర్పాటు చేయించండి. ఆ వారమే ఎందుకంటే, ఫోటోలో వెనక వరసలో నిలబడ్డది ఎవరో చెప్పగల నాయనమ్మా, దాన్ని టైపు చేయగల మనవరాలూ ఒకే ఇంట్లో ఉండేది అప్పుడే. పేర్లు తెలియని ఫోటో వచ్చే తరానికి ఒట్టి కాగితం. ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు, ఆ రోజు ఏం జరిగిందో రెండు ముక్కలు, ఇంతే రాయించాలి. ఫోటో అక్కడికక్కడే తిరిగి సొంతదారు చేతికి వెళ్లాలి. ఒక కాపీ వాళ్ల ఫోనుకి, ఇంకొకటి జిల్లా గ్రంథాలయ వ్యవస్థలో భద్రంగా. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం నూరేళ్లు దాటినా పాత పుస్తకాలు కాపాడుకుంటూ వస్తున్న ప్రాంతం మనది. కుటుంబాల ఫోటోలకు అలాంటి నీడ దొరకడం పెద్ద కోరిక కాదు. 2010లో అనూషా యాదవ్ అనే ఫోటోగ్రాఫర్ ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ పేరుతో దేశం నలుమూలల నుంచి కుటుంబాల పాత ఫోటోలు, వాటి వెనకున్న కథలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఒక మనిషి ఆలోచనతో మొదలైన పని అది. జిల్లా యంత్రాంగం తలుచుకుంటే ఎంత చేయవచ్చో చెప్పనక్కరలేదు.

ఇక వరదల సంగతి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరికతోపాటు ఊళ్లలో వేసే దండోరాలో, పంపే వాట్సాప్ సందేశాల్లో ఒక్క వాక్యం చేర్చండి: కాగితాలతోపాటు ఫోటోలూ ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టుకోండి అని. తడిసిపోతే ఏం చేయాలో కూడా చెప్పించండి. అంటుకుపోయిన ఫోటోలను పొడిగా లాగితే బొమ్మ పొర చిరిగి పక్కదానికి అతుక్కుంటుంది. చల్లని మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. బొమ్మ ఉన్న వైపు వేలితో రుద్దకూడదు. నీడలో, శుభ్రమైన గుడ్డ మీద, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. ఇదంతా రెండు రోజుల్లోపు జరగాలి, ఆలస్యమైతే బూజు పడుతుంది. సహాయ శిబిరంలో పులిహోర పొట్లాలతోపాటు ఈ నాలుగు మాటలు ముద్రించిన కాగితం పంచడానికి ఎంత అవుతుంది?

మూడో కోరిక బడులది, లేఖ మొదట్లో చెప్పిన రెండో ఫోటో అక్కడే దొరుకుతుంది. ఆలమూరు మండలం ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించేలా చూడండి. తమ ఇంట్లో ఒక రోజు జరిగిన పనిని, చేస్తున్న మనిషి చేతులు కనబడేలా, ఒక్క ఫోటో తీసుకురావాలి. ఏ పని, ఎవరు చేశారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పటికి ముగిసింది అన్నది కింద రాయాలి. కళ్లాపి చల్లడం, చేపలు తోమడం, ముసలి అత్తగారికి స్నానం చేయించడం, పిల్లాడికి జడుపు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేయడం, ఏదైనా సరే. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు దిగి వచ్చి ఇంట్లో బియ్యం కడిగితే అదీ తీయాలి. అబ్బాయిలు తీసే ఫోటోల్లో ఎక్కువగా ఎవరుంటారో, అమ్మాయిలు తీసే ఫోటోల్లో ఎవరుంటారో వాళ్లే గోడ మీద పెట్టి చూసుకుంటారు. 289, 88 అన్న అంకెలు ఏ పాఠం చెప్పినా అంత బాగా అర్థం కావు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆడవాళ్ల ఫోటోలు ఫోనుల్లో ఎలా దుర్వినియోగం అవుతున్నాయో తమరికి వచ్చే ఫిర్యాదుల వల్లే తెలిసి ఉంటుంది. తీసే ముందు ఆ మనిషి సరేననాలి. బయట పెట్టే ముందు మళ్లీ అడగాలి. ముఖం వద్దంటే చేతులు చాలు. ఏ ఫోటో అయినా వెనక్కి తీసుకునే హక్కు ఆవిడదే, ఇంటి పెద్దది కాదు, బడిది కాదు, సచివాలయానిది అంతకన్నా కాదు. సీతమ్మ గారిని అధికారి బతిమాలవలసి వచ్చిందని కదా కథ. ఆవిడ మొదట వద్దన్నారు, ఆ మాటకు విలువ ఉంది.

కలెక్టర్ గారూ, ఆనాడు ఫోటో కోసం ఆజ్ఞ ఎక్కడి నుంచో వచ్చింది. ఇప్పుడు అలాంటి ఆజ్ఞ కోసం ఎదురుచూడనక్కరలేదు, సంతకం తమరిదే. వచ్చే సంక్రాంతికి జొన్నాడ సచివాలయంలో ఒక బల్ల, ఒక స్కానరు, పేర్లు రాసుకోవడానికి ఒక మనిషిని ఏర్పాటు చేయండి. బాగుంటే ఆలమూరు మండలమంతా, ఆ తర్వాత రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు లంకలన్నిటికీ విస్తరించండి. జొన్నాడ ఇళ్లలోని ఆల్బాలు తెచ్చి ఆ బల్ల మీద పెట్టే బాధ్యత ఊరు తీసుకుంటుంది.

ఇట్లు,
జొన్నాడ ఇళ్ల తరఫున,
జొన్నాడ, ఆలమూరు మండలం